పడవ జతలో కుడి లోలాకు

కోకాపేటలో మా క్లయింటు ఆఫీసు, మూడో నంబరు లిఫ్టు, ఉదయం తొమ్మిదీ నలభై. లోపల ఉన్నవి: మెడలో ట్యాగులు వేసుకున్న మనుషులు ఏడుగురు, అందులో నేనొకణ్ని, నా పక్కసీటు మిత్రుడొకడు, హెల్మెట్లు రెండు, ల్యాప్‌టాప్ సంచులు ఆరు, మూత సరిగ్గా పడని సాంబారు డబ్బా ఒకటి, అది తనదని ఎవరూ ఒప్పుకోలేదు, నిమ్మకాయలు ఒకటిన్నర.

నిమ్మకాయలు ఒక అమ్మాయి చెవులకు ఉన్నాయి. ఎడమ చెవికి పూర్తి కాయ, కుడి చెవికి కోసిన చెక్క. కోసిన వైపు కుంకుమ రంగు చుక్క. ఒక్కొక్కటి బొటనవేలి గోరంత. మట్టితో చేసి, కాల్చి, గాజుపూత పూసి మళ్లీ కాల్చినవి.

మిత్రుడు ఆగలేకపోయాడు. "ఏమనుకోకండి మేడం, ఎవరికో దిష్టి తీసి వస్తున్నట్టున్నారు."

లిఫ్టంతా నవ్వింది. ఆ అమ్మాయి ఫోను మీంచి కళ్లెత్తకుండానే, "క్షుద్ర నవలండీ. ఎడమది మొదటి అధ్యాయం, కుడిది ఆఖరిది. చదివి రండి, అప్పుడు మాట్లాడదాం" అంది. పంతొమ్మిదో అంతస్తులో దిగి వెళ్లిపోయింది.

చదివి రండి, అప్పుడు మాట్లాడదాం. ఆ మాట ఆ అమ్మాయిది కాదు. ఆ మాట అసలు ఎవరిదో ఆమె పోయి ఎనిమిది నెలలైంది. ఆ రోజు ఇరవై ఏడో అంతస్తుదాకా నేను తలుపు మీద మారే అంకెల్నే చూస్తూ నిలబడ్డాను. మిత్రుడు తన జోకు బాగాలేదనుకున్నాడు.

నానక్‌రామ్‌గూడ పాత ఊళ్లో, మా ఆఫీసు వెనక గేటు నుంచి ఏడు నిమిషాల నడకలో ఆమె షట్టరు ఉండేది. చుట్టూ ఉన్న అద్దాల భవనాల నీడ పదకొండింటిదాకా ఆ గల్లీ మీదే పడుకుని ఉంటుంది. షట్టరుకు బోర్డు లేదు. లోపల చిన్న కరెంటు బట్టీ, మట్టి నానబెట్టిన బకెట్లు మూడు, ఆరబెట్టే చెక్కపలకలు, ఒక గోడ నిండా పుస్తకాలు. అద్దె లైబ్రరీలు మూతపడినప్పుడు తూకానికి వెళ్లిపోయిన డిటెక్టివ్ నవలలు, క్షుద్ర నవలలు, ప్రేమ నవలలు. వారపత్రికల్లోంచి కత్తిరించి దారంతో కుట్టించిన సీరియళ్లు. కొన్నింటి మీద టీ గ్లాసు అడుగు ముద్రలు, కొన్నింటి అట్టల లోపల ఎవరెవరో పాతికేళ్ల కింద రాసుకున్న పాల లెక్కలు.

ఆ పుస్తకాలే ఆమె నమూనాలు. ప్రతి కథకూ ఒక జత. ప్రేమ నవలకు ఎడమ చెవికి రెండు కాఫీ కప్పులు, కుడి చెవికి ఒకటే కప్పు. అత్తాకోడళ్ల సీరియల్‌కు ఎడమ చెవికి తాళాల గుత్తి, కుడి చెవికి ఒంటి తాళంచెవి. జత అంటే రెండూ ఒకేలా ఉండాలన్న నియమం ఆ షట్టరులో చెల్లేది కాదు. ఇంటి యజమానురాలు, ఆ ఊరి పాత మనిషి, మెట్ల మీద కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తూ వచ్చేపోయే అమ్మాయిల్ని హెచ్చరించేది: "చూస్కొని కొనుండ్రి బిడ్డా, ఈమె జతలన్ని మొగుడూపెండ్లాల లెక్క. ఒకటి తూర్పు, ఒకటి పడమర."

ఆమెను అందరూ బట్టీ అక్క అనేవాళ్లు. వయసు అరవైకి దగ్గర. మా ఆఫీసు అమ్మాయిలు మొదట్లో ఆంటీ అని పిలిస్తే, "ఆంటీ పై అంతస్తుల ఉంటది, నేను అక్కను" అనేది. పై అంతస్తులో ఎవరూ లేరు.

నేను మొదటిసారి వెళ్లింది మా చెల్లి పుట్టినరోజుకు కానుక కోసం.

"ఏం చదువుతది?" అని అడిగింది, చేతిలో మట్టి ఆపకుండా.

"ఏమీ చదవదండి."

"మరి చెవులకు ఏం ఏలాడదియ్యాలె? నువ్వేం చదువుతవ్?"

"నేనూ పెద్దగా..."

"పొద్దుగాల్ల లాగిన్, పొద్దుమీకి లాగౌట్. గంతేనా?"

నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్నని చెప్పాను. ఆ మాట వినగానే ఆమె చేతులు ఆగాయి. నా వైపు మొదటిసారి సరిగ్గా చూసింది. "నేను గూడ టెస్టింగే" అంది.

నిజమే. కరెంటు స్తంభాలకు బిగించే పింగాణీ ఇన్సులేటర్లు చేసే ఫ్యాక్టరీ ఒకటి పటాన్‌చెరు వైపు ఉండేది. అందులో పంతొమ్మిదేళ్లు ఆమె పని ఒక్కటే: బట్టీలోంచి వచ్చిన ప్రతి ఇన్సులేటర్‌నూ చిన్న చెక్క సుత్తితో కొట్టి, చెవి పెట్టి వినడం. గంట మోగినట్టు మోగితే మంచిది. మూగగా పలికితే లోపల కంటికి కనపడని పగులుంది. లోలాకుల్ని కూడా అలాగే పరీక్షించేది, కాకపోతే సుత్తికి బదులు చూపుడువేలి గోరు. కళ్లు మూసుకుని, తల ఎడమవైపుకు వంచి, కణత దగ్గర పట్టుకుని ఒక్క మీటు. మూగగా పలికినదాన్ని వెంటనే గట్టు మీద పెట్టి రాయితో కొట్టేసేది. "పగిలింది అనిపించుకునుడు కంటే పగలగొట్టుడు మంచిగుంటది" అనేది. నేను వెళ్లినన్ని రోజుల్లో ఆ విషయంలో ఆమె రెండోసారి ఆలోచించడం చూడలేదు.

ఆ రోజు నాకు చెల్లి కానుక దొరకలేదు. నూట ఎనభై పేజీల డిటెక్టివ్ నవల ఒకటి, ఎడమ చేతి కఫ్ బటన్ ఒకటి దొరికాయి. బటన్ మీద తాళం వేసిన తలుపు.

"కుడిదండీ?"

"చదివి రా. అప్పుడు మాట్లాడదాం."

ఆమె నియమం అది. పుస్తకం మొదలుపెట్టేటప్పుడు ఎడమది. ముగించాక, ఆమె అడిగే ఒక ప్రశ్నకు జవాబు చెబితే కుడిది. చివర తెలియకుండా చెవికి పెట్టకూడదు అనేది ఆమె సిద్ధాంతం. డబుల్ ఇస్తామన్నా మార్చలేదు. ఒక పెద్ద కంపెనీవాళ్లు మహిళా దినోత్సవానికి రెండు వందల జతలు కావాలని వస్తే, "రెండు వందల మంది చదువుతరా?" అని అడిగి, చదవరని తెలుసుకుని చాయ్ తాగించి పంపించింది.

నేను ఒక్క కఫ్ బటన్‌తో పదహారు రోజులు ఆఫీసుకు వెళ్లాను. వారం తిరక్కుండానే అడ్డదారి ప్రయత్నించాను. "హంతకుడు ఆ మేనేజరే కదక్కా?"

"నీ ఆఫీసు సంగతి అడగలే. పుస్తకం సంగతి అడిగిన."

పదిహేడో రోజు నిజంగా చదివి వెళ్లాను. హంతకుడెవరో ఆమె అడగనే లేదు. "ఆఖరి పేజీల డిటెక్టివ్ చాయ్ తాగిండా, లేదా?" అంది. తాగలేదు. కప్పు నోటిదాకా తీసుకెళ్లాడు, ఫోను మోగింది, కింద పెట్టేశాడు. జవాబు చెప్పగానే పలక మీంచి కుడి కఫ్ బటన్ తీసి ఇచ్చింది. తాళంచెవి ఉంటుందనుకున్నాను. మీగడ కట్టిన నిండు చాయ్ కప్పు. చదవనివాడికి అది అర్థం కాదు. చదివినవాడికి ఆ కప్పు చూసినప్పుడల్లా ఆ ఫోను మోగుతూనే ఉంటుంది.

అప్పట్నుంచి నాలుగేళ్లు, వారానికి రెండుసార్లయినా మధ్యాహ్నం భోజనం అయ్యాక ఆ షట్టరుకు వెళ్లేవాణ్ని. బట్టీకి లోపలికి తీగ దూర్చి వేడి చూపించే డిజిటల్ మీటరు ఉండేది. ఆమె దాన్ని లెక్కచేసేది కాదు. లోపల చిన్న మట్టి కడ్డీ నిలబెట్టి, తలుపుకున్న కంతలోంచి చూసేది. సరైన వేడి తగిలితే కడ్డీ తల వంచుతుంది. "మీటరు తీగ సంగతి చెప్తది, కడ్డీ మట్టి సంగతి చెప్తది" అనేది. నేను రెండింటినీ నలభై కాల్పుల పాటు పోల్చి చూశాను. కడ్డీయే సరి. ఆ మాట ఆమెకు చెబితే, "నలభై సార్లు చూస్తే గని తెల్వలేదా?" అంది.

నాకు చేతులు ఊరుకోక, గోడ మీద బొగ్గుతో ఆమె రాసుకున్న వివరాలన్నీ కలిపి ఒక ఎక్సెల్ షీటు చేశాను. పేరు, కథ, ఎడమది ఇచ్చిన తేదీ, కుడిది ఇచ్చిన తేదీ. రెండు తేదీల మధ్య అతి తక్కువ దూరం ఒక రోజు, అతి ఎక్కువ పద్నాలుగు నెలలు. ఆ పద్నాలుగు నెలల మనిషి ఒక బ్యాంకు ఉద్యోగిని. ఆమె వచ్చిన రోజు అక్క షట్టరు బయటికి వచ్చి మరీ చేతులు పట్టుకుంది.

షీటులో ఒక్కచోట నియమం తప్పేది. మేమంతా 'పడవ జత' అనేవాళ్లం. అది ఆమె బట్టీలో మొట్టమొదట కాల్చిన జత. ఒక వారపత్రికలో ఎప్పుడో వచ్చిన సీరియల్. ఏటి ఒడ్డు ఊళ్లో పంతులమ్మ, రోజూ పడవ దాటి అవతలి ఊరి బడికి వెళ్తుంది. ఇవతల ఒడ్డున అత్తింటివాళ్లు, అవతల ఒడ్డున తనదైన బతుకు. వెళ్తుందా, ఉండిపోతుందా అన్నదే కథ. ఎడమ లోలాకు పడవ. కుడి లోలాకు గుంజకు తాడుతో కట్టేసిన పడవ. అంటే ఆమె తిరిగి వచ్చింది, ఉండిపోయింది. ఈ సీరియల్ పుస్తకంగా రాలేదు. అక్క దగ్గర కుట్టించిన కాగితాల్లో ఆఖరి వారం భాగం లేదు. అందుకని జత కావాల్సినవాళ్లు షట్టరులోనే కూర్చుని ఉన్నంతవరకూ చదివేవాళ్లు, ఆఖరి భాగం ఆమె నోటితో చెప్పేది. చాలా బాగా చెప్పేది. పడవ తిరిగి వస్తున్నప్పుడు తెడ్డు నీళ్లలో పడే చప్పుడు కూడా చేసేది. వినడానికి ఇంటి యజమానురాలు కూడా చిక్కుళ్ల గిన్నెతో సహా లోపలికి వచ్చేది. పడవ జత ముప్పై ఎనిమిది మందికి వెళ్లింది.

షీటులో మొదటి వరుస ఆమె ఫ్యాక్టరీ స్నేహితురాలిది. చందానగర్ మార్కెట్లో చీరలకు ఫాల్స్, పీకో కుట్టే ఆవిడ. ఆ వరుసలో ఎడమ తేదీ, కుడి తేదీ ఒకటే. "ఈవిడకు రెండూ ఒకే రోజు ఇచ్చేశారేంటి?" అని అడిగాను.

"ఆమె ముందుగాల్నే విన్నది" అంది అక్క. అంతకన్నా చెప్పలేదు.

పోయిన ఏడాది వానాకాలం మొదట్లో ఒక మధ్యాహ్నం, తాడేపల్లిగూడెం అమ్మాయి ఒకతె వచ్చింది. మా పక్క భవనంలోనే ఉద్యోగం. అంతకు నెల ముందు పడవ జత తీసుకున్న మనిషి. సంచిలోంచి ఒక లావుపాటి బైండు తీసింది. పచ్చ కాలికో అట్ట, పసుపు దారం.

"అక్కా, మీకొకటి చూపిద్దామని తెచ్చానండి. మా అమ్మ కూడా ఈ సీరియల్ కత్తిరించి కుట్టించుకుందంట. మొన్న ఊరెళ్తే బీరువాలో దొరికింది. ఇందులో ఆఖరి వారం కూడా ఉందండి."

అక్క చేతులు తుడుచుకుంది. "ఉన్నదా?" అంది.

"ఉందండి. కానీ అక్కా, ఇందులో ఆవిడ తిరిగి రాదండి."

అక్క బైండు తీసుకుని నిలబడే చదివింది. వాక్యం కింద వేలు పెట్టి, పెదవులు కదుపుతూ. ఫ్యాక్టరీలో పైకి చదివిన అలవాటు అది, ఒంటరిగా చదివినా పెదవులు ఆగేవి కావు. మూడు పేజీలకు చాలాసేపు పట్టింది. ఆఖరి వాక్యంలో పంతులమ్మ అవతలి ఒడ్డున దిగి, పడవవాడికి వెళ్లిపొమ్మని చేయి ఊపుతుంది. ఇవతలి రేవులో గుంజ ఒక్కటే మిగులుతుంది.

"నీదే కరెక్టు బిడ్డా" అంది అక్క, బైండు మూసి.

ఆ అమ్మాయి కంగారుపడింది. "అయ్యో, నేనేదో సరదాగా తెచ్చానండి. మీరు ఎప్పుడో చదివుంటారు, మర్చిపోయుంటారు."

"మర్చిపోలే. ఎన్నడు చదవనే లేదు."

ఆమె ఖాళీ బకెట్టు ఒకటి బోర్లించి దాని మీద కూర్చుంది. మా ఇద్దరికీ చెప్పింది. ఫ్యాక్టరీలో మధ్యాహ్నం భోజనాల దగ్గర ప్యాకింగ్ సెక్షన్ ఆడవాళ్లు పదకొండు మంది ఆమె చుట్టూ కూర్చునేవాళ్లు. వాళ్లకు చదువు రాదు. ప్రతి వారం పత్రిక రాగానే ఆమె సీరియల్ పైకి చదివేది. ఆ సీరియల్ ఆఖరి వారానికి వచ్చేసరికి ఫ్యాక్టరీ మూతపడింది. చివరి రోజు సామాను సర్దుకోవడానికి అందరూ వచ్చారు. ఆ వారం పత్రిక ఇంకా రాలేదు. పదకొండు మందీ చివర ఏమైందో చెప్పమని కూర్చున్నారు. అందులో చందానగర్ స్నేహితురాలు భర్త లేని మనిషి, చిన్న కూతురితో ఉంది. భివండీలో మగ్గాలు నడిపే తమ్ముడు రమ్మని ఉత్తరం రాశాడు. మర్నాడు పొద్దున బండెక్కాలి. ఇంకా ఎటూ తేల్చుకోలేదు.

"నేను పాత సంచిక పట్టుకున్న. అండ్ల చూసుకుంట చదివినట్టే చెప్పిన. పంతులమ్మ వాపసు వచ్చిందని చెప్పిన. పడవ గుంజకు కట్టేసిండ్రని చెప్పిన. అది ఇని, పోకుండ ఈన్నే ఉండాలెనని చెప్పిన."

"ఆవిడ వెళ్లలేదా?" అన్నాను.

"పోలే. ఇరవై రెండేండ్ల సంది చందానగర్ల పీకో కుడ్తున్నది. ఆమె తమ్ముడు భివండిల రెండు ఇండ్లు కట్టిండు." చూపుడువేలి గోరు వైపు చూసుకుంది. "ఆమెను నేను ఆపిన్నా, అబద్ధం ఆపిందా, ఇగ నాకే తెల్వాలె. అందరిని చివర చదవమని సతాయించుకుంట, నేను చదవని చివరను ముప్పై ఎనిమిది మంది చెవులకు ఏలాడదీసిన."

ఆ అమ్మాయి ఏదో ఓదార్పుగా చెప్పబోయింది. అక్క చేయి అడ్డం పెట్టింది. "ఆ బైండు నాల్రోజులు ఇచ్చిపో. ఖరాబు చెయ్య."

నాలుగు రోజుల్లో కొత్త కుడి లోలాకు ఒకటి చేసింది. ఒకటే. ఒంటి గుంజ, దానికి తెగిన తాడు ముక్క. పడవ లేదు. కాల్చి, చల్లారాక గోటితో మీటింది. బాగానే మోగింది. కాగితంలో చుట్టి రవికలో పెట్టుకుంది. "మొదటి వరుస ఎవలదో ముందు ఆమెకే" అంది. ఆదివారం నా బండి మీద చందానగర్ వెళ్లాం. దారి పొడుగునా ఆమె ఒక చేయి ఆ పొట్లం మీదే పెట్టుకుంది. లింగంపల్లి దాటాక ఒకసారి, "ఉన్నది ఉన్నట్టు చెప్తే సరిపాయె" అంది, నాతో కాదు.

పీకో షాపు అంటే మెట్ల కింద ఒక మిషన్ పట్టేంత చోటు. స్నేహితురాలు సన్నగా, ఎత్తుగా ఉంది. చెవులకు పడవ జత వేలాడుతోంది. గాజుపూత అంచుల్లో అరిగి మట్టి రంగు కనిపిస్తోంది. రోజూ పెట్టుకున్న వస్తువు అది.

"ఏందే, ఐతారం పూట ఊడిపడ్డవ్? ఎవడీ పిలగాడు?"

"టెస్టింగ్ తమ్మి. నీతోని మాట్లాడాలె."

"మాట్లాడు. మిషన్ ఆపాల్నా, నడుస్తుంటె చెప్తవా?"

"ఆపు."

మిషన్ ఆగింది. అక్క కూర్చోలేదు. "పడవ కథ యాదికున్నదా?"

"చెవులకు ఏలాడుతుంటె యాదికుండదా?"

"దాని చివర నేను చదవలే. ఆ వారం పేపరే రాలే. కల్పించి చెప్పిన. అసలు కథల పంతులమ్మ పోతది. వాపసు రాదు." ఒక్క గుక్కలో చెప్పేసింది. "నువ్వు భివండి పోవద్దని చెప్పిన."

స్నేహితురాలు చేతిలో చీర అంచుకు వేలాడుతున్న దారాన్ని పళ్లతో కొరికింది. అంచు చూసుకుంది. మడత పెట్టింది.

"గా ముచ్చట చెప్పనీకి ఈ పిలగాని పెట్రోల్ కాలవెట్టినవా?"

"నీకు తెల్సా?"

"నువ్వు పేజీ తిప్పలే."

అక్క ఒక అడుగు ముందుకు వేసింది.

"పావుగంట చదివినవ్. ఒక్కటే పేజీ. నీ అవతల దిక్కు ఏమున్నదో నాకెర్క లేదు గని, మా దిక్కు సబ్బు బొమ్మ ఉండె. పావుగంట సేపు ఆ సబ్బునే చూసినం. మాకు చదువు రాకపోతె కండ్లు గూడ రావా? అందరికి తెల్సు."

"అందరికి అంటె?"

"పదకొండు మందికి. బస్టాండు కాడ నవ్వుకున్నం. ఎంత మంచిగ అబద్ధమాడిందిరా అని."

నేను అక్క వైపు చూశాను. నాలుగేళ్లలో ఆమె ముఖంలో అలాంటి చూపు చూడలేదు. పరీక్ష పెట్టే మనిషి పరీక్షలో కూర్చున్నట్టుంది.

"మరి ఎందుకు పోలే?" అంది.

"మా తమ్ముడు రెండు ముక్కల ఉత్తరం రాసిండు. వస్తె రా అని. నువ్వు నోటితోని ఉండుమని అడగలేక ఏరు పెట్టి, పడవ పెట్టి, తాడు గూడ పెట్టి అంత కథ అల్లినవ్. ఎవలు పిలిచినట్టు లెక్క?" మిషన్ మీద చేయి వేసింది. "కథ నమ్మి ఉండలే. ఉండుమన్న మనిషి ఒకతున్నదని ఉన్న. పిల్ల ఈన్నే చదువుకున్నది, నర్సయింది. నాకేం తక్కువయ్యిందని నువ్వు పరేషాన్ అవుతున్నవ్?"

"ఇన్నేండ్లు చెప్పొద్దా మరి?"

"చెప్తె ఇంకో కథ చెప్పకపోదువు."

అక్క రవికలోంచి కాగితం పొట్లం తీసి ఇచ్చింది. స్నేహితురాలు విప్పి, గుంజను వెలుతురులో తిప్పి తిప్పి చూసింది.

"గిదేంది? ఉత్త గుంజ?"

"పడవ పోయింది."

"గుంజను చెవికి కట్టుకుంటరానే ఎవలన్న? బర్రెనా నేను?" అని నవ్వింది. అక్క కూడా నవ్వింది, మొదట నోటితో, తర్వాత భుజాలతో. స్నేహితురాలు గుంజను దారపు బాబిన్లు పెట్టుకునే రేకు డబ్బాలో వేసింది. చెవులకున్న జత తీయలేదు. మిషన్ నడపడం మొదలుపెట్టి, "చాయ్ తాగి పోండ్రి, ఊరికే నిలబడి నా వెలుతురు ఆపకుండ్రి" అంది.

తిరుగు ప్రయాణంలో నేను అనుకున్నది వేరు. ఇక ఈ విషయం ముగిసిందనుకున్నాను. షట్టరు దగ్గర దిగగానే అక్క అంది: "తమ్మీ, షీటు తియ్. మిగతా ముప్పై ఏడు మందికి రాయాలె."

"ఇంకా ఎందుకక్కా? ఆవిడే తెలుసంది కదా."

"దానికి తెల్సు. వీళ్లకు తెల్వదు."

నేను ఫోనులో సందేశం మొదలుపెట్టాను. 'ఒక చిన్న పొరపాటు జరిగింది' అని రాసి చదివి వినిపించాను.

"పొరపాటంటె తెల్వక చేసేది. కల్పించిన అని రాయి."

రాశాను. 'పడవ సీరియల్ ఆఖరి భాగం నేను చదవకుండానే మీకు చెప్పాను. ఆ చివర నేను కల్పించింది. అసలు కథలో ఆమె తిరిగి రాదు. మీ కుడి లోలాకు తప్పు. సరైనది పంపుతున్నాను. పాతది తిప్పి పంపండి.' క్షమించమని ఒక వాక్యం కలపనా అని అడిగాను. "సరైనది పంపుతున్నం కదా, ఇంకేం గావాలె?" అంది. పంపేశాం.

తొమ్మిది రోజులు బట్టీ అదే పనిలో ఉంది. గుంజలు, తెగిన తాళ్లు. గోటి మీటుకు నిలవనివి ఆరు పగలగొట్టింది. ప్రతి పొట్లంలో ఆఖరి మూడు పేజీల జిరాక్సు కూడా పెట్టింది, చదవకుండా చెవికి పెట్టకూడదు కాబట్టి. తాడేపల్లిగూడెం అమ్మాయి పచ్చ బైండును పాత చీర ముక్కలో చుట్టి తిరిగి ఇచ్చింది. అట్ట మూల ఒకటి లేచి ఉంటే దాన్ని అంటించి మరీ.

జవాబులు నేను షీటులో ఎక్కించాను. ఒకావిడ రెండూ ఉంచుకుంటానంది, సోమవారం నుంచి శుక్రవారం వరకు గుంజ, శనాదివారాలు పడవ. ఇంకొకావిడ చెవికి మూడో కుట్టు వేయించుకుంది. ఒకామె మాత్రం కోపంగా రాసింది: మీరు చెప్పిన చివర విని ఆ రోజు నేను ఏడ్చాను, ఆ ఏడుపు ఎవరు తిరిగి ఇస్తారు అని. అక్క ఆ సందేశాన్ని రెండుసార్లు చదివించుకుంది. మూడోసారి తనే చదివింది, పెదవులు కదుపుతూ. "నిజం అడిగింది. రాయి: ఆ ఏడుపు నాది గూడ, ఉంచుకో అని." ఆ మనిషి మళ్లీ జవాబివ్వలేదు.

నేను వెళ్లినప్పుడల్లా అక్క అడిగేది ఒకటే, "పాతయి ఎన్నొచ్చినయ్?" నేను అంకె చెప్పేవాణ్ని. తల ఊపేది. "ఇష్టం వాళ్లది, చెప్పుడు మనది" అనేది. ఆ తర్వాత కూడా పడవ జత అమ్మింది, గుంజతోనే. నోటితో చెప్పడం మానేసింది. జిరాక్సు ఇచ్చి, బకెట్టు మీద కూర్చుని, చదువుతున్న మనిషి వేళ్లు పేజీ తిప్పుతున్నాయో లేదో చూసేది.

ఆమె పోయాక షీటును ఒకసారి తెరిచి, పడవ జత వరుసల్ని వేరు చేసి సరిచూశాను. పంపిన కొత్త కుడి లోలాకులు ముప్పై ఎనిమిది. తిరిగి వచ్చిన పాతవి నాలుగు.